ఎర్రనేల బీడులో గడ్డితో పాటు ఏ పప్పుజాతి మేత వేయాలి?

పర్లాకిమిడి నుంచి:
మాకు కొండవాలున ఎకరం బీడు ఉంది, ఉట్టి గడ్డే. మార్చికల్లా ఎండి పుల్లలైపోతుంది, ఆవులు మూతి తిప్పుకుంటాయి, పాలూ పడిపోతున్నాయి. ఒకరు బెర్సీమ్ అంటారు, ఒకరు స్టైలో అంటారు. బోరు లేదు, వానే ఆధారం. ఏది నిలుస్తుందండీ?

గుణుపురం నుంచి:
అన్నయ్యా, బెర్సీమ్ మాట వదిలేయండి. అది చలికాలపు పంట, తడి మీద తడి ఇవ్వాలి. మీ నేలకి స్టైలోలో హమాటా రకమే. మా జీడితోటలో చెట్ల మధ్య అదే ఉంది. విత్తనం పైతొక్క గట్టిది, అలాగే చల్లితే చాలావరకు మొలవదు. నీళ్లు మరగనివ్వకుండా 80 డిగ్రీల వేడిలో నాలుగు నిమిషాలు ఉంచి తీసి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టండి. తొలకరికి ముందు బీడుని మొదలంటా మేపించి, నేల గీరి పైపైన చల్లాలి. లోతుగా పడితే మొలక బయటికి రాదు. మొదటి ఏడాది ఎదుగుదల నెమ్మది, దయచేసి గొడ్లను తోలకండి. గింజ రాలనిస్తే మరుసటి వానకి తనంతట తనే మొలుస్తుంది.

బరంపురం నుంచి:
వరిమడి ఉంటే కోతకు కొద్దిరోజుల ముందు పిల్లిపెసర కూడా చల్లండి, మిగిలిన తేమకే వస్తుంది. బెర్సీమ్, లూసర్న్ అనే ఇంకో పప్పుజాతి మేత ఎప్పుడైనా దొరికితే మాత్రం ఖాళీ కడుపు మీద పచ్చిగా వేయకండి, కడుపుబ్బరం ప్రాణం మీదికి తెస్తుంది. ముందు ఎండుగడ్డి పెట్టాలి. స్టైలోతో ఆ టెన్షన్ లేదు.

పర్లాకిమిడి నుంచి:
చాలా థాంక్సండీ. గట్ల మీద దశరథ గడ్డి (పేరుకి గడ్డే, అదీ పప్పుజాతి మేతే) వేయొచ్చా?

గుణుపురం నుంచి:
వేయండి. దాని విత్తనానికీ వేడినీళ్లు తప్పవు.