చనిపోయిన క్లయింట్ పాన్ మీద కోసిన టీడీఎస్‌ను భార్య రిటర్న్‌లో ఎలా తీసుకోవాలి?

నమస్కారం అండీ. గుంటూరులో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తుంటాను. మా క్లయింట్ ఒకాయన, రిటైర్డ్ టీచర్, అక్టోబర్‌లో చనిపోయారు. ఎమ్మార్వో ఆఫీసు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌తో ఆయన భార్యకు పోర్టల్‌లో లీగల్ హెయిర్ రిజిస్ట్రేషన్ అయిపోయింది.

చిక్కంతా ఎఫ్‌డీల దగ్గరే. బ్యాంకు మార్చి దాకా వడ్డీలో 10 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే పన్ను) ఆయన పాన్ మీదే కోసేసింది. 26ఏఎస్‌లో (పాన్ మీద జమైన పన్నుల స్టేట్‌మెంట్) మొత్తం ఆయన పేరునే కనిపిస్తోంది. చనిపోయిన తర్వాతి వడ్డీ ఆవిడ రిటర్న్‌లోనే చూపించాలి, అందులో నాకు సందేహం లేదు. ఆ టీడీఎస్‌ను ఆవిడ పేరు మీద చూపించమని రూల్ 37బీఏ కింద డిక్లరేషన్ రాసి తీసుకెళ్తే, బ్రాంచ్‌లో "అలాంటివి మా దగ్గర చేయరమ్మా" అని పంపించేశారు. పెద్దావిడను మళ్లీ మళ్లీ తిప్పడం నాకు ఇష్టం లేదు.

టీడీఎస్ షెడ్యూల్‌లో 'అదర్ పర్సన్' ఆప్షన్ ఉంది కదా. ఆయన రిటర్న్‌లో ఆ భాగం ఆవిడకు వదిలి, ఆవిడ రిటర్న్‌లో ఆయన పాన్ వేసి క్లెయిమ్ చేద్దామనుకుంటున్నాను. బ్యాంకు సవరించకుండా ఇలా చేస్తే సీపీసీ (రిటర్నులు ప్రాసెస్ చేసే ఐటీ శాఖ సెంటర్) ఒప్పుకుందా, లేక మిస్‌మ్యాచ్ అని డిమాండ్ పంపిందా? చేసినవాళ్లు దయచేసి చెప్పండి. ఫ్యామిలీ పెన్షన్ మీద బతికే మనిషి, రీఫండ్ ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.