నాలుగు వేల రూపాయల లోపు ఉకులేలే: ఏది కొనాలి, ఏమి చూసి కొనాలి?

గోదావరిగట్టు (రాజమహేంద్రవరం):
మా అమ్మాయి అయిదో తరగతి చదువుతోంది. కర్ణాటక గాత్రంలో సరళీ వరుసలు, జంట వరుసలు దాటి గీతాలలోకి వచ్చింది. పాడుతూ తానే వాయించుకోగల చిన్న వాద్యం కావాలని అడుగుతోంది. గిటారు ఆమె చేతికి ఇంకా పెద్దదవుతుంది కనుక దానిలాగే ఉండే నాలుగు తీగల చిన్న వాద్యం ఉకులేలే కొందామనుకుంటున్నాము. సంచీ, క్లిప్ ట్యూనర్ (వాద్యానికి తగిలించి శ్రుతి చూసే పరికరం) కలుపుకొని ఖర్చు నాలుగు వేలు దాటకూడదు. ఆన్‌లైన్‌లో వెయ్యికీ కనిపిస్తున్నాయి, పది వేలకూ కనిపిస్తున్నాయి. ఏ సైజు తీసుకోవాలో, తక్కువ ధర వాద్యంలో ఏ లోపాలను సహించవచ్చో, వేటిని అసలు సహించకూడదో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

నాలుగుతీగలు (విశాఖపట్నం):
సొప్రానో 21 అంగుళాలు, కాన్సర్ట్ సుమారు 23, టెనర్ 26 అంగుళాల పొడవు ఉంటాయి. ఈ మూడింటికీ శ్రుతి ఒక్కటే: నాలుగు తీగలకు వరుసగా జి, సి, ఇ, ఏ అనే పాశ్చాత్య స్వరాలు. వీటికంటే పెద్దదైన బారిటోన్ శ్రుతి వేరు. అది గిటారు సన్నని నాలుగు తీగలతో సమానం కనుక మీరు దాని జోలికి పోనవసరం లేదు. పదేళ్ల పిల్లకు కాన్సర్ట్ సైజు సరిపోతుందని నా అభిప్రాయం. సొప్రానోలో మెట్లు (ఫ్రెట్లు) మరీ దగ్గరగా ఉండి, వేళ్లు ఎదిగేకొద్దీ ఇరుకనిపిస్తుంది. కాన్సర్ట్‌లో తీగ నిడివి దాదాపు 38 సెంటీమీటర్లు. ఆ కొద్ది తేడాతోనే వేళ్లు స్పష్టంగా పడతాయి.

శ్రుతి చేసే మరలను కూడా గమనించండి. గిటారుకు ఉన్నట్లు పక్కలకు పొడుచుకు వచ్చే పళ్లచక్రాల మరలు ఉన్నదాన్నే తీసుకోండి. వయొలిన్‌లో లాగా కేవలం రాపిడి మీద నిలిచే మరలు చౌక వాద్యాలలో తరచుగా జారిపోతాయి. ప్రతి రెండు నిమిషాలకూ శ్రుతి తప్పే వాద్యం మీద పిల్లలకు ఆసక్తి నిలవదు.

వీణాతంత్రి (హైదరాబాద్):
గోదావరిగట్టు గారూ, నేను వీణ నేర్పుతాను; ఉకులేలేతో వచ్చే విద్యార్థులు కూడా ఉన్నారు. సైజు కంటే, చెక్క కంటే ముందు చూడవలసింది మెట్ల మీద శ్రుతి నిలుస్తుందా లేదా అన్నదే. వీణకు మెట్లను మైనం మీద సరిచేసి అమర్చుకోవచ్చు. ఉకులేలేకు మెట్టు ఒకసారి తప్పు చోట పడితే ఇక అంతే.

పరీక్ష సులభం. తీగను వట్టిగా మీటి ట్యూనర్‌లో శ్రుతి సరిచేయండి. తరువాత అదే తీగను పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటండి. అక్కడ తీగ నిడివి సగమవుతుంది కనుక అదే స్వరం పై స్థాయిలో పలకాలి. ట్యూనర్ ముల్లు అయిదారు సెంట్ల (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) తేడా చూపితే ఫరవాలేదు. ఇరవై దాటితే ఆ వాద్యం వద్దు. నాలుగు తీగలకూ ఇలాగే చూడాలి. ఆ తరువాత ఎఫ్ కార్డ్ (కొన్ని స్వరాలను ఒకేసారి పలికించే పట్టు) పట్టి వినండి. సి కార్డ్ బాగా పలికి ఎఫ్ మాత్రం బేసురుగా ఉంటే, మొదటి మెట్టు దగ్గర తీగలు ఎత్తుగా ఉన్నాయని, నొక్కినప్పుడు తీగ సాగి స్వరం పైకి పోతోందని అర్థం. ఈ లోపాన్ని సహించవచ్చు, ఎందుకంటే గిటార్లు బాగుచేసేవారు నట్ (మెడ పైకొనలో తీగలు ఆనే పట్టీ) గాళ్లను కాస్త లోతు చేస్తే అది పోతుంది. పన్నెండో మెట్టు దగ్గర వచ్చే పెద్ద దోషానికి మాత్రం ఈ ధరలో మందు లేదు. బొమ్మల విభాగంలో అమ్మే ప్లాస్టిక్ ఉకులేలేలను పిల్లల చేతికి ఇవ్వవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇప్పుడిప్పుడే స్వరస్థానాలు స్థిరపడుతున్న చెవికి అవి నిజంగా హాని చేస్తాయి.

ఫ్రీమాంట్ తెలుగు (కాలిఫోర్నియా):
చెక్క గురించి ఒక మాట. 1879లో మదీరా దీవి నుంచి హోనొలులు చేరిన పోర్చుగీసు వలస కార్మికులలోని వడ్రంగులు అక్కడి కోవా చెక్కతో ఈ వాద్యాన్ని తయారు చేయడం మొదలుపెట్టారు. అందుకే కోవా పేరుకు అంత గిరాకీ. నాలుగు వేల లోపు దొరికే వాద్యం మీద కోవా అని రాసి ఉంటే అది పైన అతికించిన పలుచని పొర మాత్రమే అనుకోండి, దాని కోసం అదనంగా చెల్లించకండి. నిజానికి మీ ఊరికి పొరలు అతికించిన లామినేట్ వాద్యమే మేలు. పొరలు కాకుండా ఒకే చెక్కతో చేసిన వాద్యాలకు గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. గోదావరి తీరంలో వానాకాలపు తేమకూ ఏసీ గది పొడికీ మధ్య అవి పగుళ్లు ఇవ్వవచ్చు. ఎండాకాలంలో ఏ వాద్యాన్నయినా కారులో వదలకండి. జిగురు మెత్తబడి బ్రిడ్జి (ముందు పలక మీద తీగలు కట్టే చెక్క) ఊడి వస్తుంది.

సైజు విషయంలో నాలుగుతీగలు గారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. మంచి సొప్రానో, నాసిరకం కాన్సర్ట్ ఒకే ధరకు దొరికితే సొప్రానోనే తీసుకోవాలి. వెనుక భాగం ప్లాస్టిక్, ముందు పలక లామినేట్‌గా ఉండే ఫ్లైట్ కంపెనీ టీయూఎస్ 35 వంటి ప్రయాణ సొప్రానోలు పిల్లలకు గట్టిగా నిలుస్తాయి. వీణాతంత్రి గారు వద్దన్న బొమ్మ వాద్యాలు వేరు, ఇవి వేరు.

గోదావరిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. మరొక సందేహం. పాప అయిదు కట్టెల శ్రుతిలో (ఆధార స్వరం జి) పాడుతుంది. ఆ శ్రుతికి ఉకులేలే సరిపోతుందా?

వీణాతంత్రి:
చక్కగా సరిపోతుంది, కానీ ఒక తీగ మార్చాలి. మామూలుగా వచ్చే జి తీగ సి కంటే పై స్థాయిలో ఉంటుంది. దాని బదులు లో-జి అని అమ్మే లావు తీగను వేస్తే, అది సరిగ్గా అయిదు కట్టెల ఆధార షడ్జమం అవుతుంది. అప్పుడు మోహన ఆరోహణ ఇలా వస్తుంది: జి తీగ వట్టిగా షడ్జమం, రెండో మెట్టు మీద రిషభం, నాలుగో మెట్టు మీద గాంధారం, సి తీగ రెండో మెట్టు మీద పంచమం, ఇ తీగ వట్టిగా ధైవతం, మూడో మెట్టు మీద తారషడ్జమం. ఆమె పాడే స్థాయిలోనే వాద్యం పలుకుతుంది. కార్డ్‌ల పట్టు ఏమీ మారదు. రేపు శ్రుతి అయిదున్నరకు పెరిగితే నాలుగు తీగలనూ అరస్వరం బిగించుకుంటే చాలు. గమకాలు వీణలో వచ్చినట్లు రావు, ఎందుకంటే పొట్టి నైలాన్ తీగను లాగి స్వరాన్ని పెంచడం కష్టం. జారుడు మాత్రం సాధ్యమే.

నాలుగుతీగలు:
లో-జి తీగ లావు కనుక నట్ గాడిలో కూర్చోకపోవచ్చు. ఎఫ్ కార్డ్ కోసం గాళ్లు సరిచేయించేటప్పుడే దాన్నీ వెడల్పు చేయించండి. అయితే పంపినవారు వాద్యాన్ని తిరిగి తీసుకునే గడువులోనే వీణాతంత్రి గారి పరీక్షలు ముగించి, వాద్యం ఉంచుకోవాలని నిర్ణయించుకున్నాకే ఆ పని చేయించాలి, ఎందుకంటే గాడి కోసిన వాద్యాన్ని వాపసు తీసుకోరు. డబ్బు కొంచెం మిగిలితే అకీలా వంటి మంచి తీగల సెట్టు మీద పెట్టండి. చౌక వాద్యపు ధ్వని మెరుగుపడేది దానితోనే. ఉక్కు తీగలు మాత్రం ఎన్నడూ వేయకండి, ఆ బిగువుకు బ్రిడ్జి లేచిపోతుంది. కొత్త నైలాన్ తీగలు మొదటి వారమంతా సాగుతూ శ్రుతి దిగుతూనే ఉంటాయి. అది వాద్యం లోపం కాదని పాపకు ముందే చెప్పి, పాడే ముందు తానే శ్రుతి చేసుకోవడం అలవాటు చేయించండి.