స్కాట్లాండ్‌లో హెల్మ్స్‌డేల్ వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. వచ్చే మే నెలలో అమ్మానాన్న అబర్డీన్‌లో మా దగ్గరికి వస్తున్నారు. నాన్న రిటైరైన హిస్టరీ మాస్టారు. కోటలు, సరస్సులు చూపిస్తానంటే ఆయనకు పట్టదు, హైలాండ్స్ అనే ఉత్తరాది కొండ ప్రాంతంలో రైతుల్ని ఖాళీ చేయించిన చోట్లే చూడాలట. అందుకే సదర్లాండ్ తీరంలోని ఈ చిన్న ఊరు అనుకున్నాం.

గొర్రెల పెంపకం కోసం సదర్లాండ్ జమీందారీ కిల్డోనన్ లోయలోని కౌలు రైతులను 1813లో వెళ్లగొడితే, కొందరు కెనడాలోని రెడ్ రివర్‌కు ఓడెక్కారు. ఉన్నవాళ్లు హెర్రింగ్ చేపల మీద బతకాలని 1814లో ఈ ఊరికి ప్లాన్ గీశారు. వీధుల పేర్లు చూడండి: డన్‌రాబిన్, స్టాఫర్డ్, ట్రెంథమ్. అన్నీ ఆ దొరల బిరుదులూ ఎస్టేట్లే! పొలం లాక్కున్నదీ వాళ్లే, అడ్రసులోనూ వాళ్లే.

ఇక నా సందేహాలు. ఊరికి ఉత్తరాన కొండ అంచున బాడ్‌బే అనే పాడుబడ్డ పల్లె శిథిలాలున్నాయి. అక్కడ గాలికి పిల్లలు కొట్టుకుపోకుండా తాళ్లతో కట్టేసేవారట. ఏ9 రోడ్డు పక్కన కారు ఆపాక, మోకాళ్ల నొప్పులున్న నాన్న అక్కడిదాకా నడవగలరా? కిల్డోనన్ స్టేషన్‌లో అడిగితేనే రైలు ఆపుతారు. అక్కడ దిగితే పాత ఇళ్ల పునాదులు దగ్గర్లో కనిపిస్తాయా, లేక కారే మేలా? 1869లో జనం బంగారం కోసం ఎగబడిన వాగు కూడా అటే ఉంది. అమ్మకు దాని మీదే ధ్యాస.

మేం శాకాహారులం. ఊళ్లో తిండి దొరుకుతుందా, పులిహోర కట్టుకెళ్లాలా?