కవితను ముందుగా ఏ పత్రికకు పంపాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి): నా దగ్గర పన్నెండు కవితలు సిద్ధంగా ఉన్నాయి. సాహిత్య మాసపత్రికలు ఇక్కడి దుకాణాల్లో నాకు దొరకడం లేదు కనుక, ఎవరు ఎలాంటి కవిత్వం వేస్తారో తెలియడం లేదు. అచ్చు పత్రికకు పంపాలా, అంతర్జాల పత్రికకా?

వంశధార (గుణుపురం): ముందు చదవండి, తరువాత పంపండి. 1998లో మొదలైన ‘ఈమాట’ అనే అంతర్జాల పత్రిక పాత సంచికలు ఉచితంగా దొరుకుతాయి. ఏ పత్రికవైనా వరుసగా మూడు సంచికలు చూస్తే, ఆ సంపాదకులకు నినాదం నచ్చుతుందో, నిదానం నచ్చుతుందో తెలిసిపోతుంది. ఒకే కవితను రెండు చోట్లకు పంపవద్దు. ఫేస్‌బుక్‌లో పెట్టినదాన్ని కూడా ప్రచురితమైనదిగా లెక్కించే పత్రికలు ఉన్నాయి.

నాగావళి (రాయగడ): నా కవితను ఒక పత్రిక పద్నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేకుండా ఉంచుకుంది. ఈలోగా ఉగాది కవిసమ్మేళనంలో చదివితే, సభవారు తమ ప్రత్యేక సంచికలో వేశారు. మరుసటి నెలలోనే పత్రికలోనూ వచ్చింది, వెనుకనే చీవాట్ల ఉత్తరమూ వచ్చింది. నా తప్పేమిటి?

వంశధార: వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క ముక్క రాయకపోవడం.

నాగావళి: నూరు ప్రతులు లేని సంచిక ప్రచురణ ఎలా అవుతుంది?

వంశధార: పది ప్రతులైనా అచ్చు అచ్చే.

బరంపురంవాసి: సభలో చదవడం కూడా ప్రచురణేనా?

వంశధార: కాదు. అచ్చు గురించే చెబుతున్నాను.

నాగావళి: మాస్టారూ, మీరు సంపాదకుల గుమాస్తాలాగా మాట్లాడుతున్నారు. అసలు ఆ పత్రికలో వచ్చినది నా కవితే కాదు. ‘ఎండిన గెడ్డలో అమ్మ చెలమ తీసింది’ అని రాస్తే, అచ్చుతప్పనుకుని ‘గడ్డలో’ అని దిద్దారు. ఏరు పోయి మట్టిపెళ్ల మిగిలింది. సభవారి సంచికలోనైనా నా గెడ్డ నాకు దక్కింది.

వంశధార: ‘గెడ్డ అంటే వాగు’ అని కవిత కింద రాసి ఉంటే దిద్దేవారు కారు.

నాగావళి: రాయలసీమ కవి వాగును ‘వంక’ అంటే అర్థం రాయమని ఎవరూ అడగరు. సరిహద్దు దాటి ఒడిశాలో ఉన్నామని మన మాటకు మాత్రం వివరణ కావాలా?

మహేంద్రతనయ: నా కవితల్లో ‘గెడ్డ’ నాలుగు చోట్ల ఉంది. వాడుక భాష కోసం 1919లో ‘తెలుగు’ పత్రిక నడిపిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆ మాట తీసివేసి పంపడానికి మనసు ఒప్పడం లేదు. దిద్దుబాట్లను అచ్చుకు ముందే కవికి చూపించే పత్రిక ఏదైనా ఉందా?

వంశధార: మార్పులుంటే ముందుగా తెలియజేయమని కవితతో పాటు ఉత్తరం జతచేయండి. ఫేస్‌బుక్ సంగతి మాత్రం మరవకండి.

నాగావళి: ఆ ఉత్తరం నేనూ జతచేశాను, మాస్టారూ.