పక్కింటివాళ్లు రంజాన్‌కి పిలిచారు, మేం నీచు తినం. ఎలా?

అద్దెకొంప:
బదిలీ మీద శ్రీకాకుళం వచ్చి ఎనిమిది నెలలైంది. పక్క వాటాలో ముస్లిం కుటుంబం ఉంటోంది. పండక్కి రావాల్సిందే అని ఆంటీ గట్టిగా చెప్పారు. మేం నీచు ముట్టం. ఆ మాట చెబితే ఏమనుకుంటారో! ఏ టైంకి వెళ్లాలి, చేత్తో ఏం పట్టుకెళ్లాలి? పండగ ఏ రోజని అడిగితే 'చంద్రుణ్ణి బట్టి' అంటున్నారు. నేను లీవ్ పెట్టుకోవాలి కదా.

నాగావళి గట్టు:
మేం ఇక్కడి ముస్లింలమే. లీవ్ రెండు రోజులకీ అడిగి ఉంచండి. 29వ ఉపవాసం నాటి సాయంత్రం నెలవంక కనపడితే మర్నాడే పండగ, లేకపోతే 30 నిండాలి. మా ఆయనకి ఏటా ఇదే టెన్షన్. 'క్యాలెండర్లో వేశారుగా' అంటాడు వాళ్ల మేనేజరు.

నీచు తినమని ఇవాళే చెప్పేయండి. కంచం ముందు కూర్చున్నాక చెబితేనే ఆవిడకి బాధ. మా అమ్మ మేడమీద మాస్టారింటికని ఓ స్టీలు గిన్నె విడిగా దాచేది. గుర్తుకి అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క. అందులో షీర్ ఖుర్మా తప్ప ఇంకేదీ పోయనిచ్చేది కాదు. నేనోసారి దాంట్లో కోడిగుడ్లు ఉడకబెట్టబోతే వీపు విమానం మోత మోగింది. ఖుర్మాలో ఉండేది చిక్కగా మరిగిన పాలు, నేతిలో వేయించిన సన్న సేమియా, నానబెట్టి తరిగిన ఎండు ఖర్జూరం, జీడిపప్పు, సారపప్పు. అంతే. ఖర్జూరం తరిగేసరికి వేళ్లు జిగురు జిగురు. చాంద్ రాత్, అంటే నెలవంక కనపడ్డ రాత్రి, అంతా ఆ పనే మాకు.

మరీ పొద్దున్నే వెళ్లకండి. మగవాళ్లు స్నానాలు చేసి, చెవి మడతలో అత్తరు దూది పెట్టుకుని, రెండు ఖర్జూరాలు నోట్లో వేసుకుని నమాజుకి పోతారు. ఆలోపే చంటిపిల్లలతో సహా ఇంట్లో తలకింత అని లెక్కగట్టి పేదలకి ఫిత్రా ఇచ్చేయాలి. పదకొండు దాటాక వెళితే ఇల్లు కుదుటపడుతుంది.

ఒక్క మాట, 'మీది హైదరాబాదా' అని మాత్రం అడక్కండి. ఊళ్లో జామియా మసీదుని గోల్కొండ సుల్తానుల తరఫున ఇక్కడ అధికారం చేసిన ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. అయినా నన్ను వారానికొకరు అడుగుతారు.

గంటస్తంభం:
విజయనగరం నుంచి. 2025లో ఉగాది మార్చి 30, రంజాన్ 31. మేం పచ్చడి పంపిన గిన్నె మర్నాడు సేమియాతో తిరిగొచ్చింది. రెండిటికీ ఒకే అమావాస్య మరి. కాకపోతే మనకి అధికమాసం వచ్చి లెక్క సర్దేస్తుంది. వాళ్లకి అది లేదు కాబట్టి పండగ ఏటా పది, పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. ఇలా పక్కపక్కన పడటం ఎప్పుడో గానీ కుదరదు.

అద్దెకొంప:
చెప్పేశానండీ! 'మీ కిటికీలోంచి ఉల్లిపాయ వాసన కూడా రాదు, నాకు తెలీదేటి బాబూ' అని నవ్వేశారు. చేత్తో ఏం పట్టుకెళ్లాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాగావళి గట్టు:
పళ్లు చాలు. పిల్లలుంటే ఈదీ అని చేతిలో ఓ కొత్త నోటు పెట్టండి. వాళ్ల గిన్నె మీ ఇంటికొస్తే ఖాళీది తిరిగివ్వకండి. బూరెలు చేస్తారా మీరు?