అప్‌డేట్: ఫ్యాక్టరీలో అందరికీ క్రియేటివ్ థింకింగ్ నేర్పడం

మా జీడిమెట్ల ఫ్యాక్టరీలో ఆఫీసు వాళ్ళకే కాదు, షాప్ ఫ్లోర్ వాళ్ళకీ కొత్తగా ఆలోచించడం ఎలా నేర్పాలని అడిగాను కదా. మీరు చెప్పిన 6-3-5 పద్ధతే పెట్టాం. 1968లో జర్మనీకి చెందిన బెర్న్‌డ్ రోర్‌బాఖ్ రూపొందించినది: ఆరుగురు, తలా మూడు ఐడియాలు కాగితం మీద రాయడం, ఐదు నిమిషాలకోసారి ఆ కాగితం పక్కవాళ్ళకి. నలుగురిలో నోరు విప్పలేని వాళ్ళకి ఇది నిజంగా వరమండీ.

ప్యాకింగ్‌లో ఒక అక్క రాయడం రాదంటే బొమ్మ గీయమన్నాం. పార్టుల ట్రే కింద రెండు ఇటుకలు గీసింది, వంగి తీయక్కర్లేకుండా. కాగితం అందుకున్న వెల్డర్ ఆ ఇటుకల చోట వాలు స్టాండు గీశాడు. మర్నాడే స్క్రాప్ యాంగిల్స్‌తో చేసిచ్చాడు కూడా!

సూపర్‌వైజర్లు కూర్చున్న బ్యాచ్‌లో మాత్రం ఎవరి పెన్నూ కదల్లేదు. అందుకే సూపర్‌వైజర్లకి వేరే బ్యాచ్ పెట్టాం. నైట్ షిఫ్టుకి వచ్చే వారం మొదలుపెడుతున్నాం.