బాస్ మీద దెబ్బకు అదను

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పొలిమేర దాటితే పాతపట్నం. ఒక మాట గురించి మీ అందరితో మాట్లాడాలని రాస్తున్నాను. ఆ మాట ‘అదను’. మా వైపు చాలామంది ‘అదును’ అంటారు.

మొన్న ఆదివారం రాత్రి మా మేనల్లుడికి మొదటిసారి రెయిడ్ చూపించాను. ఆన్‌లైన్‌లో నలుగురూ కలిసి ఆడే వీడియో ఆట అది, పేరు ఫైనల్ ఫాంటసీ 14. ఇక్కడ రెయిడ్ అంటే పోలీసుల సోదా కాదు. ఎనిమిది మంది కలిసి ఒక పెద్ద శత్రువు మీదికి వెళ్లడం. ఆ శత్రువే బాస్. మనవాళ్లలో ఇద్దరు ట్యాంకులు, ఇద్దరు హీలర్లు, నలుగురు కొట్టేవాళ్లు. ట్యాంకు బాస్ కోపాన్ని తన మీదికి తిప్పుకుని దెబ్బలు కాస్తాడు, హీలర్ అందరి ప్రాణం నిలబెడతాడు. మావాడు కొట్టేవాళ్లలో ఒకడు. హెడ్‌సెట్‌లో నేనూ, వాడూ, గుణుపురం కుర్రాడు ఒకడూ ఉన్నాం. మిగతా ఐదుగురూ ఎక్కడివాళ్లో తెలియదు.

బాస్ చెయ్యెత్తింది. దాని పేరు కింద చిన్న పట్టీ ఒకటి నిండుతూ ఉంటుంది. అది పూర్తిగా నిండితే దెబ్బ పడుతుంది. నేల మీద నారింజ రంగు గుండ్రం వెలిగింది, అందులో ఉన్నవాళ్లు బయటికి రావాలి. మావాడు గుండ్రం మధ్యలో నిలబడి కొడుతూనే ఉన్నాడు. గుణుపురం కుర్రాడు ‘రహ, రహ’ అంటున్నాడు, ఒడియాలో ఆగమని. నేను ‘బయటికి రారా’ అన్నాను. వచ్చాడు. మంట పడేసరికి వాడు గుండ్రం బయటే ఉన్నాడు, నా కళ్లతో చూశాను. అయినా చచ్చాడు.

‘వచ్చేశాను కదా మావయ్యా, మరెందుకు చచ్చాను?’ అన్నాడు. గొంతులో నిజంగా బాధ ఉంది.

దానికి జవాబు చెప్పబోతుంటే నోటికి వచ్చిన మాటే ఇది. ‘నువ్వు వచ్చావురా, అదను దాటాక వచ్చావు.’

ఈ ఆటలో పట్టీ నిండిన క్షణానే లెక్క తేలిపోతుంది. ఎవరు లోపల, ఎవరు బయట అన్నది సర్వర్ అప్పుడే రాసేసుకుంటుంది. ఆ తర్వాత మంట పైనుంచి పడటం కంటికి చూపించే బొమ్మ మాత్రమే. మంటను చూసి కదిలేవాడు ఎప్పుడూ ఆలస్యమే. పైగా ఈ ఆటకు మన దేశంలో సర్వర్ లేదు. మేం ఆడేది జపాన్ సర్వర్‌లో. మన బటన్ అక్కడికి వెళ్లి రావడానికి పట్టే కాలం కూడా మన అదనులోంచే పోతుంది. కాబట్టి పట్టీ నిండాక కాదు, ముప్పాతిక నిండేసరికే బయట ఉండాలి. ఇంకో సంగతి కూడా చెప్పాను వాడికి. పట్టీ నిండిందంటే మంట ఇంకా పడకపోయినా లోపలికి తిరిగి వెళ్లి కొట్టవచ్చు. మొదటిసారి అలా చేసినప్పుడు మంట తన నెత్తి మీదే పడుతున్నా ఏమీ కాకపోవడం చూసి వాడు అరిచిన అరుపుకి మా అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఆ రాత్రంతా హెడ్‌సెట్‌లో ఆ మాటే వాడుకున్నాం. గుణుపురం కుర్రాడు మామూలుగా ‘ఏబే’ అంటాడు, అంటే ఇప్పుడు. పది పుల్‌లు, అంటే బాస్ మీదికి పది ప్రయత్నాలు, అయ్యేసరికి అతనూ ‘అదను, అదను’ అనడం మొదలుపెట్టాడు.

‘ఇప్పుడు’ అంటే గడియారం ముల్లు ఎక్కడుందో అక్కడ. ‘సమయం’ అంటే ఎంతైనా కావచ్చు. ‘అవకాశం’ మనకు ఒకరు ఇచ్చేది, వాడుకోకపోయినా కొంతసేపు అక్కడే ఉండేది. అదను అలా కాదు. అది పనికీ వేళకీ కుదిరే చోటు. చూసే కన్ను ఉన్నవాడికే కనబడుతుంది, దాటితే ఆ పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఈ మాట నాకు ఆటల్లోంచి రాలేదు, మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది. వానలు పడ్డాక నాన్న పొలంలోకి దిగి గుప్పెడు మట్టి తీసి అరచేతిలో ముద్ద చేసేవాడు. మోకాలి ఎత్తు నుంచి ఆ ముద్దను కింద వదిలేవాడు. పడి అలాగే ముద్దగా ఉంటే తడి ఎక్కువ, నాగలికి అంటుకుంటుంది. అసలు ముద్దే కట్టకపోతే నేల ఎండిపోయింది. పడగానే పొలపొలా విడిపోతే ‘పదునుంది’ అనేవాడు. ఆ వెంటనే ‘అదను దాటిపోకుండా దున్నేయాలి’ అని ఇంటికి కూడా రాకుండా ఎడ్ల కోసం కబురు పెట్టేవాడు. పదును నేలలో ఉంటుంది, అదను కాలంలో ఉంటుంది. రెండూ కలిస్తేనే దుక్కి.

కొత్తవాళ్లకు నేను చెప్పేది కూడా ఈ రెండు మాటలతోనే.

పదును అంటే వెళ్లకముందు చేసుకునేది. ఆయుధాలు, కవచాలు మరమ్మతు చేయించుకోవాలి. ఈ ఆటలో కవచం పూర్తిగా అరిగి సున్నాకి వస్తే ఒంటి మీద ఉన్నా లేనట్టే. బలాన్నిచ్చే తిండి తినాలి, ఒకసారి తింటే 30 నిమిషాలు పనిచేస్తుంది. మన బటన్లు చూడకుండా నొక్కగలిగేంత అలవాటు కావాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. కొత్తవాళ్లు బాస్‌ను చూడరు, తమ బటన్లను చూసుకుంటారు. కళ్లు కిందే ఉంటే పట్టీ ఎవరు చూస్తారు? రెయిడ్‌కు ముందు రెండు రోజులు ఆటలో ఉండే దిష్టిబొమ్మ లాంటి కొయ్యబొమ్మను కొడుతూ చేతులకు నేర్పించుకోండి.

అదను లోపలికి వెళ్లాక. ట్యాంకు మొదటి దెబ్బ వేసి బాస్‌ను తన వైపు తిప్పుకునేదాకా ఎవరూ చెయ్యి వేయకూడదు. బాస్ ముఖం ముందు ట్యాంకు తప్ప ఎవరూ నిలబడకూడదు. పెద్ద దెబ్బలన్నీ విడివిడిగా వాడేయకుండా దాచుకోవాలి. 2021 చివర్లో వచ్చిన పెద్ద మార్పుల తర్వాత ఈ ఆటలో జట్టుకు బలాన్నిచ్చే శక్తులన్నీ సుమారుగా 2 నిమిషాలకోసారి కలిసి వస్తాయి. ఎనిమిది మందీ అప్పుడే కొడితే ఆ పది ఇరవై సెకన్లలో పడే దెబ్బ వేరు. మావాడు మొదటి నిమిషంలోనే అన్నీ ఖర్చు చేసి, అసలు అదనుకు ఖాళీ చేతులతో నిలబడ్డాడు.

మీ ఊళ్లల్లో ఈ అర్థానికి ఏ మాట వాడతారో చెప్పండి.

పాతపట్నం నుంచి ఒక మాస్టారు:

బాబూ, చక్కగా రాశావు. ‘పదను’ మీద ఒక్క మాట చెబుతాను. తడి, ఇనుముకు పెట్టే పాకం, కత్తి వాదర ఇవన్నీ మనకు ఆ ఒక్క మాటే. అంటే ‘సరిగ్గా ఉండవలసిన స్థితి’ అని మూలం. తమిళంలో ‘పదం’ అంటారు. కన్నడంలో అదే ‘హద’. మన పాలు వాళ్లకు హాలు అయినట్టే. అయితే నీ అదను రైతు మాట. యుద్ధం సంగతి కనుక ‘ముహూర్తం’ అంటే గంభీరంగా ఉండదా?

మళ్లీ నేను:

మాస్టారూ, నమస్తే. పదను గురించి చెప్పినందుకు చాలా సంతోషం. కన్నడం సంగతి నాకు తెలియదు. ముహూర్తం మాత్రం నాకు సరిపోవడం లేదు. పాత లెక్కలో ముహూర్తం అంటే 48 నిమిషాలు. మాకు దొరికేది ఒకటో రెండో సెకన్లు. ఇంకా పెద్ద తేడా ఏమిటంటే, ముహూర్తం పంచాంగంలో ముందే రాసి ఉంటుంది. దానికి కన్ను అక్కరలేదు, లెక్క చాలు.

అయితే మీ మాట వృథా పోదు. బాస్ దగ్గర అలాంటివీ ఉంటాయి. ఇన్ని నిమిషాల్లోగా చంపకపోతే బాస్ ఒకే దెబ్బకు అందరినీ చంపేస్తుంది. ఆటలో దాన్ని ఎన్‌రేజ్ అంటారు. అది రాసిపెట్టిన ఘడియ, దాన్ని ముహూర్తం అనొచ్చు. బాస్ ప్రాణం సగానికి వస్తే కొత్త రకం దెబ్బలు మొదలవడం మాత్రం మన చేతుల్లో ఉంటుంది. పెద్ద దెబ్బ కొట్టి ఇప్పుడే సగానికి దించాలా, ఇంకో పది సెకన్లు ఆగి హీలర్లు ఊపిరి పీల్చుకున్నాక దించాలా? అది అదను.

రైతు మాట అని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. గిడుగు రామమూర్తి గారు 1880లో బడిపంతులుగా చేరిన ఊరు మాది. సవర భాషను ఆయన సవరల నోటి నుంచే నేర్చుకున్నారు. పని చేసేవాడి నోట్లో ఉన్న మాటకన్నా మంచి మాట ఆ పనికి ఎక్కడ దొరుకుతుంది?

బరంపురం నుంచి ఒక అక్క:

తమ్ముడూ, నేను హీలర్‌ని. మీరందరూ కొట్టడం గురించే మాట్లాడుతున్నారు. మా అదను దెబ్బ పడ్డాక కాదు, పడేముందు. పెద్ద దెబ్బ వస్తోందని తెలిస్తే ముందే రక్ష కప్పాలి. పడ్డాక మాన్పుదాం అనుకుంటే అప్పటికే ఇద్దరు పోతారు. చచ్చినవాడిని లేపడం కూడా తేలికని అనుకోవద్దు. లేచినవాడికి 100 సెకన్ల పాటు నీరసం, బలం 25 శాతం తగ్గుతుంది. ఆలోపు మళ్లీ చస్తే ఇంకా ఘోరం. మీ మేనల్లుడికి నా మాటగా చెప్పు. రెండు దెబ్బలు తక్కువ కొట్టినా ఫరవాలేదు, బతికి ఉండమను. చచ్చినవాడి దెబ్బ సున్నా.

మళ్లీ నేను:

అక్కా, ఇది నేను ముందే రాయాల్సింది. వాడికి మీ మాట చదివి వినిపించాను. ‘నన్ను ఆరుసార్లు లేపినవాళ్లకు థాంక్స్ కూడా చెప్పలేదు మావయ్యా’ అన్నాడు.

రాయగడ నుంచి ఒక అన్న:

2019లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఇంకో ఆట వచ్చినప్పుడు అందులో మోల్టెన్ కోర్ అనే రెయిడ్ ఆడాను. అక్కడ ఒకేసారి 40 మంది. బారన్ గెడ్డన్ అనే బాస్ ఎవరో ఒకరి ఒంట్లో బాంబు పెడుతుంది. అది కొన్ని సెకన్లలో పేలుతుంది. ఆ మనిషి అందరికీ దూరంగా పరుగెత్తాలి, లేకపోతే చుట్టూ ఉన్నవాళ్లందరూ పోతారు. కొత్తవాడు భయపడి హీలర్ల దగ్గరికే పరుగెత్తుకొస్తాడు! ఇప్పుడు నా ప్రశ్న. పారిపోవాల్సిన ఆ క్షణాన్ని కూడా అదనే అంటామా? నాకు అదను అంటే మంచి జరిగే వేళ అనిపిస్తుంది.

మళ్లీ నేను:

అన్నా, రెండు రోజులు ఆలోచించాను దీని మీద. మీరన్నదే నిజం. పారిపోయే వేళకు అదను అనలేం. ‘పారిపోవడానికి అదను చూసుకున్నాడు’ అంటే దొంగ గుర్తొస్తాడు, ఒంట్లో బాంబు ఉన్న మనిషి కాదు. మా అమ్మనడిగాను. ఆట సంగతి చెప్పకుండా ఊరికే అడిగాను. ‘అది గండం రా. గండం గడిచాక అదను’ అంది. బాంబు, నారింజ గుండ్రం, పట్టీ నిండటం ఇవన్నీ గండాలు. అవి గడిచిన వెంటనే తెరుచుకునేది అదను. ఇప్పుడు మేం హెడ్‌సెట్‌లో రెండు మాటలూ వాడుతున్నాం. ‘గండం’ అంటే అందరం బయటికి. ‘అదను’ అంటే లోపలికి. రెండూ చిన్న మాటలే, బేగి నోట్లోంచి వస్తాయి, ఒకటి ఇంకొకటిగా వినబడవు కూడా. అరిచి చెప్పే మాటకు అది చాలా అవసరం.

విజయనగరం నుంచి ఒక తమ్ముడు:

అన్నయ్యా, నేను ఈ నెలే మొదలుపెట్టాను. రెయిడ్‌లోకి వెళ్లగానే కొత్తవాడినని చెప్పాలా? తిడతారేమో అని టెన్షన్.

మళ్లీ నేను:

చెప్పు తమ్ముడూ, తప్పకుండా చెప్పు. నువ్వు చెప్పకపోయినా వాళ్లకు తెలుస్తుంది. ఈ ఆటలో కొత్తవాళ్ల పేరు పక్కన చిన్న మొలక గుర్తు ఉంటుంది. జట్టులో ఆ రెయిడ్ ఇంకా గెలవనివాళ్లు ఉంటే గెలిచినప్పుడు మిగతావాళ్లకు అదనపు బహుమతి కూడా వస్తుంది. కాబట్టి నిన్ను చూసి సంతోషించేవాళ్లే ఎక్కువ. లోపలికి వెళ్లగానే ‘మొదటిసారి’ అని ఒక్క ముక్క రాయి, ఎక్కడ నిలబడాలో ఎవరో ఒకరు నేల మీద గుర్తు పెట్టి చూపిస్తారు. చచ్చిన ప్రతిసారీ దేనివల్ల చచ్చావో ఒక్కటే చూసుకో. అన్నీ ఒకేసారి నేర్చుకోవాలని కూర్చోకు. మావాడు మొదటి రాత్రి గుండ్రం నుంచి బయటికి రావడం ఒక్కటే నేర్చుకున్నాడు. రెండో రాత్రి ట్యాంకు కోసం ఆగడం. నిన్న రాత్రి 2 నిమిషాల దగ్గర నేను నోరు తెరవకముందే వాడే ‘అదను’ అని అరిచాడు. ఆ పుల్‌లో బాస్ పడిపోయింది.

ఇంకొక మాట కావాలి నాకు, ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ట్యాంకు ముట్టుకోకముందే బాస్‌ను కొట్టేసి అందరినీ చంపేవాడు ప్రతి జట్టులో ఒకడు ఉంటాడు. విత్తనం వేళ కాకముందే చల్లేసే రైతుకు మీ ఊళ్లో ఏదైనా పేరుందా?